సంగమ్మ చెయ్యెత్తలేదు

పోయినవారం మనం నర్సన్నను మండలాఫీసు గేటు ముందు బస్సు దింపి వదిలేశాం. పదహారు రోజుల క్యాంపు ముగించుకొని, మెడలో బంతిపూల దండతో, మీసాల కింద ఎంత అణచుకున్నా ఆగని నవ్వుతో దిగాడాయన. వెనకాల ఎనిమిది మంది సభ్యులు. తనతో కలిపితే తొమ్మిది. మండలంలో ఎంపీటీసీలు మొత్తం పదిహేడు మందే కాబట్టి, వేళ్ళు మడిచి లెక్కపెట్టడం వచ్చిన ప్రతివాడూ ఆయన్ని అప్పుడే అధ్యక్షుణ్ణి చేసేశాడు. గేటు బయట ఇద్దరు ముగ్గురు ‘ప్రెసిడెంటు సాబ్’ అని సలాం కొట్టారు కూడా.

ఆ పిలుపు కోసం నర్సన్న ఇరవయ్యేళ్ళు చెప్పులరిగేలా తిరిగాడు. కర్దనూర్ అవతల బండమీదిపల్లిలో కూలిచేసుకునే ఇంట పుట్టాడు. డ్రమ్ములు దొర్లించే కాంట్రాక్టు పనికి మందుల కంపెనీ గేటు దాటినప్పుడు ఆయన వయసు ఇరవై రెండు. ఊరివాళ్ళు దాన్ని డ్రమ్ముల కంపెనీ అనే పిలిచేవాళ్ళు. అక్కడే యూనియన్ జెండా పట్టాడు. ఎనభై ఎనిమిదిలో సర్పంచ్ అయ్యాడు. మరుసటేడు సమ్మెలో సంగారెడ్డి జైలుకు పోయి ఇరవై ఒక్క రోజులుండి, బయటికొచ్చేసరికి చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ‘మన నర్సన్న’ అయిపోయాడు. తొంభై అయిదులో ఇదే మండలాధ్యక్ష పదవి నోటిదాకా వచ్చింది, తీరా చూస్తే ఇద్దరు సభ్యులు అవతలివాళ్ళ జీపెక్కి కూర్చున్నారు. ఆ దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది. అందుకే ఈసారి ఫలితాలు వచ్చిన రోజే తన మనుషుల్ని బస్సెక్కించి హంపి దాటించాడు.

క్యాంపులో నర్సన్న జాగ్రత్తలకు కొదవలేదు. సెల్‌ఫోన్లు తీసుకొని సంచిలో వేసుకున్నాడు. అందరి చేతా తెల్లకాగితాల మీద సంతకాలు చేయించుకున్నాడు. ఎవడైనా అటూ ఇటూ చూస్తే ఆ కాగితం రాజీనామా అవుతుందన్నమాట. చివరికి గుళ్ళో కర్పూరం వెలిగించి, అరచేత్తో ఆర్పించి ఒట్టు వేయించాడు. తొమ్మిది మందిలో ముగ్గురు ఆడవాళ్ళు. వాళ్ళను వెనక వరసలో నిలబెట్టి, వాళ్ళ బదులు మొగుళ్ళు కర్పూరం ఆర్పారు. మంట ఎవరి చెయ్యి కాలిస్తే ఏముంది, ఒట్టు ఒట్టే అనుకున్నాడు నర్సన్న. ఈ దేశంలో తెలివైన మగవాళ్ళు చేసే పొరపాట్లలో ఇది మొదటి వరసలోది.

ఇక అవతలి పక్షానికి పెద్ద, వాళ్ళ తరఫున అధ్యక్ష పదవికి నిలబడిన ఎంపీటీసీ, సత్తయ్య. బండమీదిపల్లిలోనే పాతికెకరాల ఆసామి. నర్సన్న సర్పంచ్‌గా ఉన్నప్పుడు ఉపసర్పంచ్. ఆయన్ని నర్సన్న పన్నెండేళ్ళుగా ఓడిస్తూ వచ్చింది ఒకే ఒక్క కాగితంతో.

ఆ కాగితం కథ చెప్పకుండా ముందుకు పోలేం. అప్పట్లో పంచాయతీ తీర్మానాల పుస్తకం నెలనెలా ఇంటింటికీ తిరిగేది. ముందు ఖాళీ పేజీ మీద సంతకాలూ వేలిముద్రలూ పడేవి, పైన రాత తర్వాత తీరిగ్గా వచ్చేది. అదే పద్ధతి, అందరికీ అలవాటే. అలా పుట్టిన తీర్మానాల్లో ఒకటి, కంపెనీ వాగులోకి వదిలే నీళ్ళ వల్ల ఊరి బావులకూ పశువులకూ ఏ హానీ లేదని చెప్పింది. దాని మీద తేదీ నర్సన్న జైల్లో ఉన్న రోజులది. కింద ఉపసర్పంచ్ సత్తయ్య సంతకం, సభ్యుల వేలిముద్రలు. తర్వాత బావుల్లో నీళ్ళు చాయ్ రంగుకు తిరిగి, గొడ్లు చచ్చి, రైతులు కోర్టుకెక్కితే కంపెనీ వకీలు ఆ కాగితమే తీసి బల్ల మీద పెట్టాడు. మీరే కదా రాసిచ్చింది, అన్నాడు. బండమీదిపల్లికి నష్టపరిహారం రాలేదు. నేను రాయించలేదు మొర్రో అని సత్తయ్య ఎంత మొత్తుకున్నా ఊరు నమ్మలేదు. నర్సన్న నమ్మనివ్వలేదు.

ఆ వేలిముద్రల్లో ఒకటి సంగమ్మది. అప్పుడు వార్డు మెంబరు, ఇప్పుడు ఎంపీటీసీ. ఆమె రెండు బర్రెలు ఆ వాగు నీళ్ళు తాగే చచ్చాయి. ఆమె భర్త జంగయ్య నర్సన్నకు యూనియన్ నాటి నుంచీ కుడిభుజం. సమ్మెలో పోలీసులు వెతుకుతుంటే నర్సన్న తొమ్మిది రోజులు తిన్నది ఆమె చేతి జొన్నరొట్టె. ఆమెను ఆయన ‘చెల్లె’ అనే పిలుస్తాడు. ఈ ఎన్నికల్లో ఆ తీర్మానం జిరాక్సు కాపీ చేత్తో పట్టుకొని, ఊరూరా మైకు ముందు సత్తయ్యను కడిగేసింది సంగమ్మే.

అందుకే ఆ మధ్యాహ్నం ఒంటిగంటకు జరిగింది నర్సన్నకు వెంటనే బుర్రకెక్కలేదు.

అధ్యక్షుడి ఎన్నిక మూడు గంటలకు. దానికి ముందు కోఆప్టెడ్ సభ్యుణ్ణి ఎన్నుకోవాలి. పెద్ద విషయం కాదు, బలమెంతో చూసుకునే చిన్న కుస్తీ. హాలు తలుపు దగ్గర పోలీసు నిలబడి సభ్యుల్ని తప్ప ఎవర్నీ రానివ్వలేదు. ముగ్గురు మొగుళ్ళూ బయట వేపచెట్టు కింద ఆగిపోయారు. ఎన్నికల అధికారి నర్సన్న పక్షం మనిషి పేరు చదివి, “బలపరిచేవారు చేతులెత్తి అలాగే ఉంచండి” అన్నాడు.

ఎనిమిది లేచాయి.

అధికారి మళ్ళీ లెక్కపెట్టాడు. నర్సన్న వెనక్కి తిరిగి చూశాడు. సంగమ్మ రెండు చేతులూ ఒడిలో పెట్టుకొని, ఎదురుగా గోడ మీది గడియారం చూస్తూ కూర్చుంది. అవతలి మనిషి పేరు చదివినప్పుడూ ఆమె చెయ్యి లేవలేదు. ఎనిమిదీ ఎనిమిదీ సమానం. చీటీలు వేశారు. అదృష్టం సత్తయ్య వైపు నవ్వింది.

నిద్ర సరిపోక తికమక పడిందేమో అనుకున్నాడు నర్సన్న. ఆ ఆశ ఆవరణలోకి వచ్చేదాకా నిలిచింది. బిర్యానీ పొట్లాలు పంచుతుంటే జంగయ్యను పక్కకు లాగాడు.

“ఏంది జంగా, ఏమైంది నీ పెండ్లానికి?”

“నాకు సుత సమజైతలేదన్నా. నాల్గు దినాల సంది నాతోని మాట్లాడుతలేదు. పానం మంచిగలేదేమో అనుకున్న.”

“నువ్వు కర్పూరం ఆర్పినవ్ గదరా!”

“ఆర్పిన. ఇగో సూడు, బొబ్బ ఇంకా మానలే.” అమాయకంగా అరచెయ్యి చూపించాడు జంగయ్య.

ఆడ సభ్యుల కోసం పాత ఫైళ్ళ గది ఖాళీచేసి ఇచ్చారు. మిగతా ఇద్దరు ఆడవాళ్ళూ నర్సన్న మొహం చూసి పొట్లాలు పట్టుకొని వరండాలోకి జారుకున్నారు. సంగమ్మ మాత్రం కిటికీ పక్క స్టూలు మీద కదలకుండా కూర్చుంది. ఆమె పొట్లం ఇంకా విప్పలేదు.

“ఏంది చెల్లె, చెయ్యెందుకు ఎత్తలే?” గొంతు మెత్తగా పెట్టి అడిగాడు.

“ఎత్తుతవా అని నన్నెప్పుడన్న అడిగినవా అన్నా?”

“గదేం మాట? జంగయ్య ఒట్టేసిండు గద.”

“ఆయన్ను అడిగినవ్, ఆయన ఆర్పిండు. చెయ్యి నాది.”

నర్సన్నకు నవ్వాలో అరవాలో తెలియలేదు. ఇరవయ్యేళ్ళలో ఎందరో మోసం చేశారు. డబ్బుకు అమ్ముడైనవాళ్ళు, భయానికి లొంగినవాళ్ళు, బావమరిది మాట విని పోయినవాళ్ళు. వాళ్ళందరినీ తిట్టి మర్చిపోగలిగాడు. కానీ ఈ మనిషి అన్నం పెట్టిన మనిషి. 

“సత్తయ్య ఏమిస్తనన్నడు?” అన్నాడు చివరికి.

అనకూడని మాట. అన్న క్షణంలోనే ఆయనకూ తెలిసింది. సంగమ్మ మొహంలో కోపం రాలేదు, అదే ఇంకా భయపెట్టింది. ఆమె పర్సులోంచి ఊరూరా తిప్పిన జిరాక్సు కాపీ తీసి పక్కనున్న బల్ల మీద పెట్టింది. దాని పక్కనే ఇంకో కాగితం విప్పి పరిచింది. అది చూడగానే నర్సన్న చెయ్యి తన రెగ్జిన్ సంచి మీదికి పోయింది.

“ఎతకకు. నీ సంచిలదే. మీరంత డ్యాం సూడవోయిన్నాడు తీసిన.”

“దొంగతనం జేసినవా?”

“నా సంతకం నేను తెచ్చుకున్న. తెల్లకాయితం మీద వెట్టమంటే పెట్టిన. మాపటికల్ల అది రాజీనామ అయింది, మిగిలినోళ్ళను బెదిరిచ్చనీకి. పెట్టేటప్పుడే నాకు పాత దినాలు యాదికొచ్చినయ్. అప్పుడు ముద్ర, ఇప్పుడు సంతకం. గంతే ఫరక్. గందుకే ఏం రాసిన్రో సూద్దామని తీసిన.” ఆమె రెండు కాగితాలూ ఒకదానికొకటి ఆనించింది. “పెద్దల బడిల అక్షరాలు నేర్చుకున్న మనిషిని. గబగబ చదవరాదు గనీ, సూసుడు వచ్చు. సూడు. రెండిట్ల అక్షరాలు కుడిదిక్కు ఒరిగినయ్. రెండిట్ల లైను కొసకు గిట్ల చిన్న గీత గుంజిండు. రెండు ఒక్క చెయ్యే. సత్తయ్య చెయ్యి నీ సంచిలకెట్ల వచ్చిందన్నా?”

బయట ఎవరో ఆటోవాడితో కిరాయి దగ్గర తగువు పడుతున్నాడు. ఆ మాటలన్నీ నర్సన్నకు స్పష్టంగా వినిపించాయి.  

“నేను జైల్ల ఉంటి...” అని మొదలుపెట్టాడు.

“తేదీ జైలుది. ముద్ర ముందటిది. పుస్తకం పట్టుకొని మా చేన్లకు వచ్చింది నువ్వే. నాట్లేస్తున్న, చెయ్యికి బురద ఉంది. నువ్వే నీళ్ళు పోసి కడిగినవ్. ఊర్ల అందరి దగ్గర అట్లనే తీసుకుంటుంటివి గదా అని, ఆ పొద్దు సంగతి నేను మళ్ళ తలవనే లేదు.”

అబద్ధానికి ఇక చోటు లేదని తెలిసినప్పుడు రాజకీయ నాయకుడు నిజాన్ని మంచి బట్టలు తొడిగి బయటికి తెస్తాడు. నర్సన్నా అదే చేశాడు. గోడకు ఆనుకొని గట్టిగా ఊపిరి తీసుకున్నాడు.

“అవును. రాయించిన. సమ్మె యాభై దినాలు దాటింది. పొయ్యిల పిల్లి లేస్తలేదు. కాయితం ఇస్తే నలబై మందిని పర్మినెంటు జేస్తమన్నరు. ఊరి నీళ్ళు పోతయని అప్పుడెవనికి ఎరుక? మొదలు పిల్లల కడుపులు సూసిన. తప్పా?”

“నలబై పేర్లల్ల మా ఆయన పేరుండెనా?”

“మొదటి పేరు ఆయనదే.”

సంగమ్మ కళ్ళు మూసుకుంది. పన్నెండేళ్ళుగా ఇంట్లో పొయ్యి మీద ఉడికిన అన్నం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది ఆమెకు. కళ్ళు తెరిచాక గొంతు మారింది.

“పిల్లల కడుపుల కోసం జేసినవ్, సరే. జేసినోనివి, చెప్పుకుంటే అయిపోతుండె. సత్తయ్య మీద ఎందుకేసినవ్? నన్నెందుకు మైకు ముందల నిలవెట్టినవ్? నా నోటితోని ఒక మనిషిని ఊరూరా దొంగను జేసిన గదన్నా. ఆయన పెండ్లాం కౌసల్యమ్మ నన్ను జూసి మొకం తిప్పుకుంటే, సిగ్గులేనిదని నవ్విన.”

నర్సన్న తల దించుకున్నాడు. సిగ్గే అది, కాదనలేం. కానీ దించిన తల్లోనే లెక్క నడుస్తోంది. గడియారంలో రెండూ ఇరవై.

“ఇగ ఇను,” అంది సంగమ్మ. “మూడు గొట్టంగ ఆ సారు నీ పేరు పిలుస్తడు. గప్పుడు లేచి, తీర్మానం నేనే రాసిన, సత్తయ్య రాయలే అని అందరి ముందల చెప్పు. చెప్పినంక నేను చెయ్యెత్తుత. నా నోటి మాట, కర్పూరం అక్కర్లేదు. చెప్పకుంటే సత్తయ్యకు ఎత్తుత. పార్టీ నన్ను తీసేస్తే తీసేసుకోని.”

చెబితే ఏమవుతుందో నర్సన్నకు చూడకుండానే కనిపించింది. తన తొమ్మిది మందిలో ముగ్గురు ఆ వాగు పక్క ఊళ్ళవాళ్ళే. వాళ్ళ బావులూ చాయ్ రంగే. ఆ మాట నోట్లోంచి రాగానే మూడు చేతులు దిగుతాయి. చెప్పకపోతే సంగమ్మ చెయ్యి అవతలికి లేస్తుంది. ఎటు చూసినా కుర్చీ లేదు. ఇరవయ్యేళ్ళ జెండా, జైలు, జ్వరమొచ్చినా మానని తిరుగుడు, అన్నీ ఒక ఆడమనిషి ఒడిలోని చెయ్యి దగ్గర ఆగిపోయాయి. నర్సన్నకు కళ్ళు చెమర్చాయి. తన మీద తనకే జాలి వేసింది. మనిషి చెడ్డపనికి సిద్ధమయ్యేది సరిగ్గా అలాంటప్పుడే.

ఎందుకంటే ఆ కాగితాలను మరోసారి చూశాక ఆయనకు ఒక సంగతి తట్టింది. సంగమ్మ ఒక్క దగ్గర పొరబడింది. ఆ చెయ్యి నర్సన్నది కాదు. నర్సన్న రాస్తే మర్నాడు నర్సన్నే చదవలేడు. ఆయన దరఖాస్తులు, కరపత్రాలు, ఉపన్యాసాలు అన్నీ ఏడో తరగతి చదివిన జంగయ్య రాసేవాడు. ఇంట్లో మాత్రం జంగయ్య పెన్ను ముట్టగా సంగమ్మ ఒక్కనాడూ చూడలేదు. యూనియన్ ఆఫీసులో కూర్చుని మొగుడు చేసేదేంటో ఆమెకు అక్కర్లేకపోయింది.

ఇక్కడ నోరు మూసుకుంటే నర్సన్నను మనం సగం క్షమించేవాళ్ళం. మూసుకోలేదు.

“రాయించింది నేను. రాసింది నేను కాదు, చెల్లె.”

“మరెవలు?”

నర్సన్న కిటికీ వైపు చూశాడు, అంతే. కిటికీ అవతల జంగయ్య, భార్య అన్నం తినలేదని ఎవరో చెబితే, నీళ్ళ సీసా పట్టుకొని అప్పుడే వచ్చి నిలబడ్డాడు. ఊచల మధ్య నుంచి సీసా లోపలికి పెడుతూ, బల్ల మీది కాగితాలు చూశాడు. సీసా చేతిలోనే ఉండిపోయింది.

సంగమ్మ లేచి జిరాక్సు వెనకవైపు తిప్పి, పెన్ను తీసి ఊచల్లోంచి చాపింది. “రాయి,” అంది.

“ఏం రాయాలె?”

“ఏదన్న. బండమీదిపల్లి గ్రామము అని రాయి. ఒక్క లైను.”

జంగయ్య పెన్ను అందుకోలేదు.  “రాసుడెందుకు సంగమ్మా,” అన్నాడు చివరికి. “నాదే. అప్పుడు నీకు చదువు రాదు. నువ్వు పెద్దల బడికి పోతనన్న పొద్దు నాకు బువ్వ మింగుడు పడలే. ఎన్నడో ఒకనాడు చదువుతవని ఎరుకే. చెప్దాం చెప్దామనుకుంటనే పన్నెండేండ్లు అయిపోయినయ్.”

సంగమ్మ ఏడవలేదు. మొగుడి మొహం వైపు, అన్న మొహం వైపు మార్చి మార్చి చూసింది. ఈ ఇద్దరి మధ్య ఇన్నేళ్ళు ఎలా బతికిందో లెక్క వేసుకుంటున్నట్టు చూసింది. ఆ చూపు తన మీంచి కదిలి జంగయ్య మీద నిలవగానే నర్సన్నకు ఒక్క క్షణం హాయి అనిపించింది. కోపం పంచుకునే మనిషి దొరికాడు. ఇంట్లో గొడవ ఇంటికి పోయాక చూసుకుంటారు, చెయ్యి మాత్రం ఇక్కడ లేస్తే చాలు.

“ఇన్నవా చెల్లె,” అన్నాడు తొందరగా. “గిందుల నేనొక్కన్నే కాదు. ముగ్గురం మునిగినం. ఇప్పుడు హాల్ల ఈ ముచ్చట ఎత్తితే నీ ఇల్లే...”

“అన్నా.” జంగయ్య గొంతు అంత గట్టిగా నర్సన్న ఎప్పుడూ వినలేదు. “నేను ఎవలకు చెప్పనని నీకు మాటిచ్చిన. నా ఇంట్ల చెప్పనని నువ్వు నాకు మాటిచ్చినవ్. నీకు దెబ్బ తాకితే నేను అడ్డం పడ్డ. కంపెనీల నా మీద యాసిడ్ పడి సచ్చి బతికిన పొద్దు సుత ఈ కాయితం ముచ్చట్ల నీ పేరు బయటికి తియ్యలే. ఒక్క కుర్చీ కోసం నా పెండ్లాం ముందల నన్ను బరివాత, గుడ్డ లేకుంట నిలవెట్టినవ్ గదన్నా!”

“జంగా, జెర నిమ్మళంగ... పోలీసాయన ఇంటున్నడు.”

“ఇననీ. ఇగ నాకు దాసుకునేదేముంది?” జంగయ్య రెండు చేతులతో కిటికీ ఊచలు పట్టుకున్నాడు. “సంగమ్మా, ఆ నెల పుస్తకంల నీ ముద్రలు పడ్డది ఒక్క పేజీ మీద కాదు, రెండిటి మీద. మొదటిది నీ చేతిల ఉంది. రెండోదాన్ని కోర్టుల ఎవలూ చూపియ్యలే, చూపిచ్చే పని పడలే. అది సుత నేనే రాసిన. అన్న చెప్తుంటె రాసిన. వాగొడ్డు మీది మీ నాయన ఎకరన్నరది.”

“జంగా!” నర్సన్న కిటికీ మీదికి ఒక్క అంగలో వచ్చాడు.

ఆ ఎకరన్నర సర్కారు భూమి అయిందని, ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, తెల్లారి లేస్తే ఆ ఒడ్డు మీదే కూర్చునేవాడు సంగమ్మ తండ్రి పోచయ్య. అక్కడే పోయాడు. పాడె మోసిన నలుగురిలో నర్సన్న ఒకడు.

వరండాలో బంట్రోతు గంట కొట్టాడు. “సభ్యులందరు లోపలికి రావాలె! తలుపులు మూస్తున్నరు!”

సంగమ్మ కదల్లేదు.  ఎంత అలవాటైన పిలుపో, నోటికి అదే వచ్చింది.

“మా నాయన భూమి మీద ఏం రాయించినవన్నా?”

 హాల్లో ఎన్నికల అధికారి మైకు సర్దుకొని, మొదటగా నర్సన్న పేరే చదివాడు.